తాతగారి గ్యాసు

తాతగారికి ఎనభై రెండేళ్లు. గజ్జల్లో గిలక పదిహేనేళ్ల పాతది. పంచె కింద దాగినంతకాలం అది ఇంటి పరువు, బయటికి చెప్తేనే రోగం. హెర్నియా అన్నాడు డాక్టరు, తీరిగ్గా ఆపరేషన్ చేయిస్తే రెండ్రోజుల్లో ఇంటికెళ్లొచ్చన్నాడు. "ఈ వయసులో ఆయన్ని కోయించడమా?" అని ఇంటిల్లిపాదీ నొచ్చుకున్నారు. ఎంత ప్రేమో!

మంగళవారం రాత్రి గిలక లోపలికి పోనని మొరాయించింది. పొట్ట ఉబ్బింది. విరేచనం సరే, గాలి కూడా కదల్లేదు. కోడలు వాము నీళ్లిచ్చింది, కొడుకు గోలీసోడా తెచ్చాడు, పక్కింటాయన ఆముదం పట్టమన్నాడు. పేగు ఇరుక్కున్నవాడికి ఆముదమంటే, తాళం వేసిన తలుపు మీదికి జనాన్ని తోయడమే. బుధవారం ఆర్‌ఎంపీ వచ్చి గ్యాసు ఇంజక్షను పొడిచి, జ్వరం లేదు కనక భయం లేదన్నాడు. ముసలి ఒంటికి అంత మర్యాద మరి: లోపల పేగు నల్లబడుతున్నా పైకి గట్టిగా చెప్పుకోదు. గురువారం పచ్చవాంతులయ్యాక అంబులెన్సు.

"ఫిఫ్టీ ఫిఫ్టీ" అన్నారు ఆసుపత్రిలో. ఏ ముసలాయనకైనా అదే లెక్క, క్యాలిక్యులేటర్ ఖర్చు లేదు. ఇంగ్లండు, వేల్సుల్లో 2013 నుంచి ఇలాంటి అత్యవసర ఆపరేషన్లకు పద్దు రాస్తున్నారు. ముప్పెంతో ముందే కాగితం మీద పెట్టారా, బల్ల దగ్గర సీనియర్ ఉన్నాడా, వృద్ధుల వైద్యుడు చూశాడా అని అడుగుతారు. 2015 నాటి నివేదికలో నెల తిరక్కుండా పోయినవాళ్లు నూటికి పదకొండు మంది. ముసలివాళ్లలో ఇంకా ఎక్కువ. డెన్మార్కులో కడుపులో పుండు పగిలిన 2,668 మందిని చూస్తే, కత్తి పట్టడం గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం 2.4 శాతం తగ్గుతూ పోయింది.

గంటలకు మనకేం కరువు? డాలస్‌లో అబ్బాయికి ఇంకా తెల్లవారలేదు. లేచాక స్కాన్ వాట్సాప్‌లో తెప్పించుకుని, ఎరిగిన పళ్ల డాక్టరుకు చూపించాడు. ఈలోగా అత్తయ్య మూడింటిదాకా రాహుకాలమంది. సంతకం నువ్వంటే నువ్వని అన్నదమ్ములు వరండాలో తేల్చుకుంటున్నారు. పక్కనే స్ట్రెచర్ మీద మెలకువగా ఉన్న తాతగారిని మాత్రం ఎవరూ అడగలేదు.

బతికారు. కుళ్లిన పేగు తీసేసి, పొట్టమీద సంచి పెట్టారు. మూడు రోజులు రాత్రేదో పగలేదో తెలీక, నర్సమ్మని చనిపోయిన చెల్లెలనుకుని పలకరించారు. నాలుగోరోజు తెలివొచ్చింది. పెద్దకొడుకు వంగి చెవిలో చెప్పాడు:

"పంచె కాస్త పైకి కట్టుకో నాన్నా, చూడ్డానికి జనం వస్తున్నారు."