స్టేషనరీ బోర్డు: టీకా తాత్పర్యము

మూలము:
ఇచ్చట స్టేషనరీ సామాను దొరకును
మా షాపు పక్క సందులోకి మార్చబడినది
అప్పు రేపు

అవతారిక: కవి అజ్ఞాతుడు, లేఖకుడు పెయింటరు. మొదటి చరణము కింద అతడు స్టేషనరీ అను మాటను ఇంగ్లీషున కూడ దిద్దినాడు. అందు ఆర్ అక్షరమునకు ముందు ‘ఈ’ ఉండవలసిన చోట ‘ఏ’ కూర్చున్నది. తెలుగు లిపిలో రెండు మాటలకును రూపమొక్కటే గనుక పైవరుసకు దోషమంటదు.

ప్రతిపదార్థము: స్టేషనరీ = (‘ఈ’ పాఠమున) ఠావు కాగితములు, కవర్లు, రీఫిళ్లు, గమ్ము, పరీక్ష అట్టలు, మెండర్లు మొదలగునవి; (‘ఏ’ పాఠమున) కదలక నిలిచియున్నట్టి; సామాను = సరుకు; దొరకును = డబ్బిచ్చినచో దొరకును.

శంక: ‘ఈ’ పాఠమున స్టేషనరీ అన్నను సామానే గదా, మరల సామాను అనుట పునరుక్తి కాదా? ‘ఏ’ పాఠమున ఆ దోషము లేదు. నిజమే. కాని అప్పుడు ‘ఇచ్చట కదలని సరుకు దొరకును’ అని అర్థము వచ్చును. సరుకు కదలలేదని కొట్టువాడు భార్యతో చెప్పుకొనును గాని బోర్డుకెక్కించడు. కావున ‘ఈ’ పాఠమే సాధువు. బేకరు వలన బేకరీ పుట్టినట్లు స్టేషనరు వలన స్టేషనరీ పుట్టినది. వర్తకుని తోకలోని ‘ఈ’ సరుకునకు సంక్రమించినది. ‘ఏ’ గలది విశేషణము. ప్రైమరీ, టెంపరరీ దాని సగోత్రులు. నిలుకడ గలదానికి టెంపరరీతో చుట్టరికమేమని అడుగరాదు.

ఇక వంశకథ. మధ్యయుగపు ఐరోపాలో మూటలతో ఊరూరు తిరుగు వర్తకుల నడుమ, విశ్వవిద్యాలయముల దాపున ఒకచోట కుదురుగా కొట్టు పెట్టుకొని పుస్తకములమ్మువానిని లాటినున స్టేషనారియస్ అనిరి. కదలనివాడు గనుక ఆ పేరు. లండనున ఈ వృత్తివారి సంఘము 1403లో ఏర్పడి, 1557లో రాజశాసనము పొందినది. కాలక్రమమున పుస్తకము బుక్‌షాపుకు తరలిపోయి, కాగితమును సిరాయును ఇతనికి మిగిలినవి. మన స్థా ధాతువును ఆ లాటిను ధాతువును దాయాదులే. అందుచే పెయింటరు ‘ఏ’ వ్రాయుట అజ్ఞానము కాదు, పూర్వజన్మ వాసన యని కొందరందురు. మేమొప్పము. పరీక్షలో వాసనకు మార్కులు వేయరు.

వచనము: స్టేషనరీలు, స్టేషనరీస్ అనుట అసాధువు. పాలు, నీళ్లు మనకు నిత్యబహువచనములు. ఇది ఇంగ్లీషువారికి నిత్యైకవచనము. బండెడు కొన్నను ఒకటే.

ఉదాహరణము: స్టేషనరీ వ్యానులో స్టేషనరీ ఉన్నది. వ్యాను ఆగియున్నచో మొదట ‘ఏ’, పిమ్మట ‘ఈ’. వ్యాను దుకాణమువారిదైనచో రెండును ‘ఈ’. డ్రైవరు నడుగక నిర్ణయింపరాదు.

రెండవ చరణము: ‘ఏ’ పాఠమును పట్టుకొని వ్రేలాడువారికి ఇచ్చట విరోధాభాసాలంకారము, కదలనిది పక్క సందులోకి కదలినది. మార్చబడినది అను కర్మణి ప్రయోగమున కర్త గుప్తుడు. ఇంటి యజమాని యని సంప్రదాయము, అద్దె పెంచుట ధ్వని. దీనితో మొదటి చరణమందలి ఇచ్చట అను పదమునకు అచ్చట అని అర్థము చెప్పుకొనవలెను.

మూడవ చరణము: స్పష్టము.