ఎక్సెల్ బావగారు

కూతురి పురిటికని డాలస్ వెళ్లొచ్చిన అత్తగార్లు మనకి వీధికి నలుగురున్నారు. మెడలో ట్యాగు వేసుకుని, జెండా పట్టుకున్న గైడు వెనకాల బ్యాంకాక్ చుట్టొచ్చిన రిటైర్డు దంపతులూ ఉన్నారు. ఈ రెండు కోవల్లోనూ చేరని మూడో రకం మనిషి ఒకడు ఈమధ్య ప్రతి కుటుంబంలోనూ తయారవుతున్నాడు. ఆయన అంతవరకూ దేశం దాటి ఉండడు. ఏదో ఒక ఆదివారం పప్పుచారు అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, “ప్యాకేజీ ఎందుకు, దండగ! మనమే ప్లాన్ చేసుకుందాం” అంటాడు. ఇక విమానం ఎక్కేదాకా ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

మా ఇంట్లో ఆయన మా బావగారు. మీ ఇంట్లో బాబాయి కావచ్చు, తోడల్లుడు కావచ్చు. ఉద్యోగం మాత్రం బ్యాంకులోనో ఆడిట్ ఆఫీసులోనో ఉంటుంది. ఇంకొకళ్ల లెక్కల్లో తప్పులు పట్టి పట్టి, సొంతంగా ఒక్క తప్పూ లేని లెక్క ఒకటి వేసి చూపించాలన్న కసి లోపల పేరుకుని ఉంటుంది. ఆ కసికి దొరికిన దేశం సింగపూర్.

ఎందుకు సింగపూర్ అంటే, “నాలుగున్నర గంటల ప్రయాణం, ఇడ్లీ దొరుకుతుంది, మోసం చెయ్యరు” అన్నాడు. నాలుగో కారణం ఒకటుంది, అది చెప్పలేదు. ఆ ఊళ్లో ప్రతిదానికీ ఒక రూలుంది. రూలున్న చోట ఆయనకి ప్రాణం లేచి వస్తుంది.

ముందు షీటు పుట్టింది. ఒక షీటు అనుకున్నాం. లోపల చూస్తే పదకొండు. విమానాలకొకటి, హోటళ్లకొకటి, వానొస్తే ఒకటి, రాకపోతే ఒకటి. రోజువారీ కార్యక్రమం షీటులో మొదటి గడి ‘ఉదయం 6:10 – స్నానాలు (వరుసక్రమం 7వ షీటులో)’. ఏడో షీటు తెరిస్తే బావమరిదిని కాబట్టి నా పేరు చిట్టచివర ఉంది. మెర్‌లయన్ విగ్రహం ఎదురుగా ఇలా రాసి ఉంది: ‘ఫోటోలు – 15 ని. ఆనందించుట – 10 ని.’ పిల్లలు ఆ గడిని స్క్రీన్‌షాట్ తీసి మరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మరో గ్రూపు అని ఎందుకంటే, బావగారు పెట్టినది ‘సింగపూర్ అఫీషియల్’. ఆయన లేనిది ‘సింగపూర్ అన్‌అఫీషియల్’. అడ్మిన్ మా అక్క.

హోటల్ ఎంచుకోవడంలో ఆయన పద్ధతి వేరు. అయిదు నక్షత్రాల రివ్యూలు చదవడు, అవి డబ్బిచ్చి రాయిస్తారట. ఒక్క నక్షత్రం ఇచ్చినవి మాత్రం భక్తిగా చదువుతాడు. ఎవరో ఆస్ట్రేలియా ఆయన ఎప్పుడో వాష్‌బేసిన్‌లో వెంట్రుక చూశాడని ఒక మంచి హోటల్ చేజారింది. విమానం టికెట్ల విషయంలోనూ అంతే. మంగళవారం అర్ధరాత్రి దాటాక ధర పడిపోతుందని ఎక్కడో విన్నాడు. కొన్ని మంగళవారాలు జాగారం చేశాక, మొదట చూసినదానికంటే బాగా పెరిగిన ధరకి కొని, “ఇంకా పెరిగేదే, తెలుసా?” అన్నాడు. ధర తగ్గుతుందని కాచుకుని, పెరిగాక కొని, పెరగబోయేది మిగిలిందని సంతోషించడం ఈ జాతి మొత్తానికీ ఉన్న లక్షణం.

టికెట్ల దగ్గరే ఇంటిపేరు గొడవ వచ్చింది. వాళ్లమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంది. మన పెద్దవాళ్లలో చాలామందికి ఇంతే. టికెట్ వెబ్‌సైటు ఖాళీ గడిని ఒప్పుకోదు. ఉన్న పేరునే రెండుసార్లు రాయమంది. అలా అత్తయ్యగారి పేరు టికెట్ మీద జంటగా పడింది. చదువుతుంటే పిలిచినట్టుండదు, జపం చేసినట్టుంటుంది. ఆవిడ మాత్రం “రెండు టికెట్లు కొన్నావేంట్రా?” అని కంగారుపడింది.

అసలు పరాభవం వీసా దగ్గర జరిగింది. ట్రావెల్ ఏజెంటు గుమ్మం తొక్కనని శపథం పట్టిన మనిషి కదా! తీరా చూస్తే, అక్కడ మనకి తెలిసినవాళ్లెవరూ లేకపోతే సింగపూర్ వీసాకి మన దేశంలో గుర్తింపున్న ఏజెంటు ద్వారానే దరఖాస్తు పెట్టాలి. ఫారం 14ఏ నింపి, 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఫోటోలు పట్టుకుని ఆయన ఏజెంటు ఆఫీసు ముందు స్కూటర్ మీదే కాసేపు కూర్చున్నాడట. లోపలికి వెళ్లగానే అవతలివాడు “ప్యాకేజీ కూడా చూపించమంటారా సార్?” అన్నాడు. ఆ ప్రశ్న గురించి ఇప్పుడు అడిగినా బావగారు మాట మారుస్తాడు.

ఇక సామాను. తూకం వేసే కొక్కెం ఒకటి కొన్నాడు. వంటింటి గుమ్మానికి తగిలించి చేతిబ్యాగులన్నీ ఒక్కొక్కటే తూచాడు. ఏడు కిలోలు దాటిన బ్యాగు నాది. అందులోంచి ఏం తియ్యాలో కూడా ఆయనే చెప్పాడు. ఆవకాయ సీసా చేతిబ్యాగులో కుదరదు కాబట్టి పెద్ద పెట్టెలోకి, మూడు కవర్ల లోపలికి వెళ్లింది. అంతా అయిపోయిందనుకుంటుండగా ఫోన్లో ఏదో చదువుతూ ఉలిక్కిపడి లేచాడు.

“అమ్మా, ఈ మసాలాపొడిలో గసగసాలు వేశావా?”

“గసగసాలు లేకుండా మసాలా ఎలా అవుతుందిరా?”

“సింగపూర్‌లో అవి నిషేధం! మత్తుపదార్థాల వాళ్ల లిస్టులో ఉన్నాయి!”

నిజమే. గసగసాలు గంజాయి లాంటి వాటిని చూసే శాఖవాళ్ల దృష్టిలో నిషిద్ధ సరుకే అక్కడ. కానీ నలభై ఏళ్లుగా కోడికూర వండిపెట్టిన మనిషిని పట్టుకుని ఆ గొంతుతో అడగొచ్చా? అత్తయ్యగారు డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టి, “అయితే నేను కూడా రానులే” అంది. అక్క సర్దిచెప్పింది. పొడి పక్కింటికి చేరింది. ఆ ఊపులోనే పిల్లల జేబులు కూడా తనిఖీ చేశాడు. చూయింగ్ గమ్ దిగుమతిని వాళ్లు 1992లోనే నిషేధించారని ఉపన్యాసం ఇచ్చి, రెండు పొట్లాలు స్వాధీనం చేసుకుని, ఒకటి తనే నోట్లో వేసుకున్నాడు.

సింగపూర్ వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి మూడు రోజుల్లోపు నింపాలి, ముందే కుదరదు. మనకంటే వాళ్ల గడియారం రెండున్నర గంటలు ముందు. కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకి, మేమంతా కంచాల ముందు కూర్చుని ఉండగా, ఆయన ఫోన్లో అలారం మోగింది. “సింగపూర్‌లో తేదీ మారింది! పాస్‌పోర్టులు తియ్యండి!” అని కేక. పెరుగన్నం చేతులతోనే వరసగా పుట్టినతేదీలు చెప్పాం.

నవ్వుతున్నాను గానీ, ఈ జాతికి పెద్ద వంశమే ఉంది. బావగారి నాన్నగారు రైల్వే టైంటేబుల్ పుస్తకం ముందు పెట్టుకుని, నెలల తరబడి ఎర్రసిరాతో గీతలు గీసి, కుటుంబాన్నంతటినీ కాశీ తీసుకెళ్లొచ్చారు. ఇంకా వెనక్కి వెళితే మూలపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830లో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో బయలుదేరి, ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఎలాంటిది, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది అన్నీ పూసగుచ్చినట్టు రాసుకుంటూ కాశీ చూసి, 1831లో ఇల్లు చేరాడు. ఆయన రాసుకున్నది ‘కాశీయాత్ర చరిత్ర’ అయింది. మా బావగారిది గూగుల్ డ్రైవ్‌లో ఉంది, చూడ్డానికి మాత్రమే అనుమతి.

చాంగీలో దిగాం. అక్కడ జువెల్ అని ఒక అద్దాల భవనం ఉంది, 2019లో తెరిచారు. లోపల నలభై మీటర్ల ఎత్తునుంచి జలపాతం పడుతుంది. పిల్లలు దాని బోర్డు చూసి పరుగు తీయబోయారు.

“ఆగండి! అది తిరుగుప్రయాణం రోజు!”

“ఒక్కసారి తొంగి చూస్తాం డాడీ...”

“ఇప్పుడే చూసేస్తే ఆ రోజు సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా ఏం చేస్తారు?”

ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గర ఉంటుంది? ప్రపంచమంతా చూడ్డానికొచ్చే జలపాతానికి వీపు తిప్పి మెట్రో రైలు వైపు నడిచాం.

అక్కడి మెట్రోని ఎంఆర్‌టీ అంటారు. టికెట్ అక్కర్లేదు, బ్యాంకు కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది, మనిషికో కార్డు కావాలి. ఈ సంగతి బావగారు మాకు ముందే క్లాసు చెప్పి, కార్డులు పంచి, విదేశీ లావాదేవీలు ఆన్ చేయించాడు. అందరం దాటాం. ఒక్క గేటు తెరుచుకోలేదు. ఆయనది. అందరి కార్డులూ ఆన్ చేసిన హడావుడిలో తన కార్డు మర్చిపోయాడు. ఫోన్లో ఆన్ చేద్దామంటే ఓటీపీ ఇండియా నంబరుకి వస్తుంది. ఆ సిమ్ము తీసి ఎక్కడా పోకుండా పెద్ద పెట్టె అడుగున, ఆవకాయ పక్కన భద్రపరిచాడు. పెట్టె మాతోపాటు గేటు ఇవతల ఉంది. అక్క రెండు నిమిషాలు కడుపారా చూసి, ఆ తర్వాత అక్కడి ఉద్యోగిని పిలిచింది. ఆ రెండు నిమిషాల వీడియో అన్‌అఫీషియల్‌లో ఉంది.

రైలెక్కాక మరో ప్రళయం. బోగీలో తినడం తాగడం నిషేధం, జరిమానా 500 డాలర్ల దాకా అని బొమ్మతో సహా రాసి ఉంటుంది. బావగారు దేన్నైనా అరవై అయిదు పెట్టి గుణిస్తాడు. గుణించి చుట్టూ చూశాడు. అత్తయ్యగారి దవడ కదులుతోంది. ఎండబెట్టిన ఉసిరి ముక్క.

“అమ్మా, మింగెయ్! ముప్పైరెండు వేల అయిదొందలు!”

అంత ఖరీదైన ఉసిరి ముక్క ఆవిడ జన్మలో తిని ఉండదు. మింగలేక, ఉమ్మలేక స్టేషను వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చుంది. అప్పటినుంచి తినడానికో తాగడానికో ఆవిడ నోరు తెరిస్తే ఒట్టు, అదీ ఆ గుణకారం దెబ్బే. మంచినీళ్ల సీసా రెండు డాలర్లంటే నూట ముప్పై. దాహం లేదంది. కుళాయి నీళ్లే తాగొచ్చు, శుభ్రమైనవి అని కొడుకు మొత్తుకుంటే, “కుళాయి నీళ్లకి ఇంత దూరం ఎందుకురా?” అంది. కొబ్బరిబోండం ధర విన్న రోజు మాత్రం దండం పెట్టింది.

ఇంత తిట్టుకున్నా, ఒక విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. దుకాణాల్లో కార్డు మెషీను “రూపాయల్లో కడతారా, డాలర్లలోనా?” అని అమాయకంగా అడుగుతుంది. రూపాయలంటే మనకి ఎక్కడలేని ఆప్యాయత పొంగుతుంది, నొక్కేస్తాం. అక్కడే దెబ్బ, వాళ్లిష్టం వచ్చిన మారకం రేటు వేస్తారు. బావగారు మా అందరి చేతా డాలర్లే నొక్కించాడు. ముస్తఫా సెంటర్‌లో మా అక్క కొన్న సామాను చూస్తే, ఆ ఒక్క మీట వల్లే ఎంతో కొంత మిగిలి ఉంటుంది. షీటులో ముస్తఫాకి 45 నిమిషాలు. అక్క లోపలికి వెళ్లి, సాయంత్రం దీపాలు పెట్టాక బయటికొచ్చింది. ఆ మధ్యలో మేము టెక్కా సెంటర్‌లో రెండుసార్లు తిన్నాం. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెలలో అత్తయ్యగారికి ఒంగోలు నుంచి వచ్చి స్థిరపడ్డావిడ ఒకరు కనబడ్డారు. ఇద్దరూ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కోడళ్ల గురించి మాట్లాడుకున్నారు. నోరు మూసుకున్న అత్తయ్యగారు అక్కడ తెరిచిన నోరు మళ్లీ మూయలేదు. బావగారు గుడి బయట నిలబడి మొత్తం మధ్యాహ్నాన్ని ఎర్రరంగు గడులుగా మారుస్తూ ఉన్నాడు.

మరి ఆయన ఎప్పుడు ఆనందించాడు? చూశాను, చెబుతాను. గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీలని ఇనప చెట్లుంటాయి. రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి వాటి మీద పాటలతో దీపాలాట, ఉచితం. ముస్తఫా పుణ్యమా అని మొదటి ఆట పోయింది. రెండోదానికి నేల మీద వెల్లకిలా పడుకున్నాం. చెట్లన్నీ ఊదారంగుకి తిరుగుతుంటే పిల్లలు నోళ్లు తెరిచారు. బావగారు చెట్ల వైపు చూడటం లేదు. మోచేతి మీద లేచి ఇంకోవైపు చూస్తున్నాడు. అక్కడ ఒక ప్యాకేజీ బృందం, అచ్చంగా మన తెలుగువాళ్లే, ఆట సగంలో ఉండగానే లేచి నిలబడుతున్నారు. జెండా ఊపుతూ గైడు, “బస్సు టైమైంది, పదండి పదండి” అంటున్నాడు. ఒక ముసలాయన వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ నడుస్తున్నాడు. బావగారి ముఖంలో అప్పుడు వచ్చిన వెలుగు ఏ చెట్టు మీదా లేదు. నా భుజం తట్టి, “చూశావా? మనల్ని లేవమనేవాడు ఎవడున్నాడు చెప్పు” అన్నాడు.

ఆట పూర్తయీ కాకముందే ఆయనే లేచి, “పదండి పదండి, తర్వాత రైళ్లు కిక్కిరిసిపోతాయి” అన్నాడు.

తిరిగొచ్చాక అపార్ట్‌మెంట్‌లో ఆయన హోదా మారిపోయింది. లిఫ్టులో ఎవరైనా సింగపూర్ మాటెత్తితే చాలు, తన అంతస్తు దాటి పైకి వెళ్లి మరీ చెప్పొస్తున్నాడు. ఫోటో సైజు, అరైవల్ కార్డు, గసగసాలు, డాలర్ల మీట అన్నీ చెబుతాడు, గేటు సంగతి తప్ప. అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ షీటు పంపాడు. మూడో అంతస్తాయన అంతకు నెల ముందే, అంతమందితోనే, అవే చోట్లకి ప్యాకేజీలో వెళ్లొచ్చాడని ఒకరోజు మెట్ల దగ్గర తెలిసింది. బావగారు జాలిగా నవ్వి, “ఎంతయిందేమిటి?” అని అడిగాడు. ఆయన చెప్పాడు. రోజూ పొద్దున్న ఇడ్లీలు, జువెల్‌లో జలపాతం వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి, అన్నీ అందులోనేనట.

ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక బావగారు షీటు తెరిచి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. మూడుసార్లు కూడాడు. మనదే పదకొండు వేల నాలుగు వందలు ఎక్కువ తేలుతోంది. తప్పు లేదు. అయిదో షీటుకి వెళ్లి, హోటల్, భోజనాలు, టికెట్ల కింద కొత్త పద్దు ఒకటి చేర్చాడు: ‘స్వేచ్ఛ – 11,400’. లెక్క సరిపోయింది. ఆ పక్కనే కొత్త ఫైలు తెరిచి వియత్నాం అని పేరు పెట్టి, పడుకున్న అక్కని లేపి, పాస్‌పోర్టుల గడువు ఎప్పటిదాకా ఉందో చూడమన్నాడు.