బ్యాకప్ ఉండాది సార్!

నగరిలో ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. పదేళ్ళ కిందటి కరెంటు బిల్లు బీరువాలోంచి తీసి చూపిస్తారు. రూటర్ సెట్టింగులు ఎక్కడ రాసిపెట్టారంటే మాత్రం ధీమాగా ఒకటే మాట: "బ్యాకప్ ఉండాది సార్."

ఉండాది, సరే. చదవండి మరి! చాలా రూటర్లు ఇచ్చే బ్యాకప్ ఫైలు మనుషుల కోసం పుట్టింది కాదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. మామూలుగా అదే మోడలు రూటర్‌కే లొంగుతుంది. పిడుగుపాటుకు పాతది మాడిపోయి కొత్త మోడలు తెచ్చారా, ఆ ఫైలుకు దండం పెట్టి పక్కన పెట్టాల్సిందే. పైగా దాన్ని దాచేది గూగుల్ డ్రైవ్‌లో! నెట్ పోతే ఎలా తెచ్చుకోవాలో చెప్పే కాగితాన్ని నెట్‌లోనే దాచిన బుర్రకు సన్మానం చేయొద్దూ? ఫోన్ డేటా ఉంది కదా అంటారేమో. ఉంది, ఆ పిచ్చిగీతలను ఫోన్‌లో చూసుకోవచ్చు.

ఇంకొందరికి బ్యాకప్ అంటే కేబుల్ అబ్బాయే. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ ఊళ్ళలోకి వచ్చింది. సర్కారుదైనా ప్రైవేటుదైనా, పెట్టె బిగించి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు కొట్టి పోయేది ఆ అబ్బాయే. మనం కాఫీ ఇచ్చాం, కాగితం ఇవ్వలేదు. అతను తిరుత్తణిలో పెళ్ళికి పోయిన రోజే ఇంట్లో ఓ మేధావి గుండుసూదితో రీసెట్ నొక్కుతాడు. ఎముక విరిగితే పక్కనే పుత్తూరు కట్టు ఉంది, దీనికి ఏ ఆకు నూరి కడతారు?

అసలు తంటా పాస్‌వర్డుతో కాదు, 'ఎందుకు' అన్నదానితో. మరమగ్గాల షెడ్డులో కెమెరా ఫోన్‌లో కనబడాలని ఎవరో రూటర్‌లో ఒక పోర్టు తెరుస్తారు. కెమెరా చెడి అటకెక్కుతుంది, పోర్టు తెరిచే ఉంటుంది. తర్వాత చూసినవాడికి అదేమిటో తెలియదు, మూయడానికి భయం. ఇలా తెరిచి మరిచిన తలుపులే దొంగలకు దారి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ పెద్ద మాయలేమీ చేయలేదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలు, రూటర్లలోకి దర్జాగా లాగిన్ అయింది. ఆ అక్టోబరులో వాటినే ఉసిగొల్పి వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే, అమెరికాలో చాలామందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ అందకుండా పోయాయి.

మద్రాసుకు వచ్చే ఓడలవాళ్ళు సముద్రం మీంచి మన కొండను ఆనవాలు పట్టి 'నగరి నోస్' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళకు నడిసంద్రం నుంచి మన ముక్కు కనబడింది. మనకు అలమారు మీది పెట్టెలో ఏముందో కనబడదు.

రాయాల్సింది ఎంతని? లాగిన్ చిరునామా, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు, వైఫై పేరు, మార్చిన సెట్టింగు, మార్చిన తేదీ. పక్కనే తెలుగులో ఒక ముక్క: "ఈ పోర్టు షెడ్డు కెమెరాకు. కెమెరా తీసేస్తే మూసెయ్యాలి." సున్నాకూ ఇంగ్లీషు 'ఓ'కూ తేడా తెలిసేలా రాయండి, చాలు.

"కాగితం మీద రాస్తే దొంగలు చూస్తారు సార్!"

చూడనీ నాయనా. నీ వైఫై పాస్‌వర్డు నీ ఫోన్ నంబరే కదా, అది షాపు బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాయించావు.