నేను గిన్నె తోమే పీచుని కాను

కంపెనీ పంపిన మెయిల్లో నా గురించి ఉన్నది ఒక్క వాక్యమే. “సదరు వస్తువు మీ ఇంట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు నుంచి ఊడిపడి ఉండవచ్చు.” పోస్టుమాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు పైకి చదివారు. రెండోసారి చదువుతుంటే అమ్మగారు వంటింట్లోంచి పీచు చేత్తో పట్టుకునే వచ్చారు. ఆ ఇంట్లో గిన్నెలు తోమేది కొబ్బరి పీచుతో.

నేను తీగని. పద్నాలుగు మిల్లీమీటర్ల ముక్కని. స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టుక నాది: నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్, మిగతాది చాలావరకు ఇనుము. ఇనుమే అయినా అయస్కాంతం నన్ను పెద్దగా పట్టించుకోదు. కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగి లాగి దారమంత సన్నం చేశారు. ఆ తర్వాత మగ్గానికెక్కించి, నాలాంటి వేల తీగలతో పడుగూ పేకా కలిపి నేశారు, చీర నేసినట్టే. ఒక తీగ మీదుగా పోవాలి, పక్క తీగ కిందుగా దూరాలి. అందుకే నా ఒంటి మీద వరసగా చిన్న చిన్న అలలున్నాయి. ఈ అలల సంగతి మళ్లీ వస్తుంది.

అలా జల్లెడనై కుక్కల మేత తయారుచేసే ఫ్యాక్టరీకి చేరాను. నూకలు, మొక్కజొన్న, సోయా, ఎండబెట్టిన కోడిమాంసం పొడి, అన్నీ సుత్తుల మరలో పడి పిండై నా మీదికి వచ్చేవి. మెత్తటిది కిందికి వదలాలి, మొరుము ఆపాలి. చెప్పుకోవడానికి తేలిక పనే. కానీ రోజంతా వణుకుతూ చెయ్యాలి. ఇనప తీగని వేళ్లతో అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట వేడెక్కి పుటుక్కున తెగుతుంది కదా, ఆ పనే మర మాకు నెలల తరబడి చేసింది. చట్రానికి బిగించిన అంచు దగ్గర ముందు నా ఎడమ పక్కది తెగిపోయింది. తర్వాత నేను. నేను రాలేసరికి కుడి పక్కది కూడా ఒక కొనమీద వేలాడుతోంది. జల్లెడలో అప్పటికే వేలు దూరేంత కంత. ఎవరూ చూడలేదు. చూడాలంటే మర ఆపాలి, మూత విప్పాలి.

పిండితో పాటు ఎక్స్‌ట్రూడర్‌లో పడ్డాను. ఇనప గొట్టం, లోపల తిరిగే పెద్ద మర చుట్టు, ఆవిరి, నీరు మరిగే వేడిని మించిన వేడి. పిండి ముందుకు తోసుకుంటూ పోయి చివర బిళ్లకున్న బెజ్జంలోంచి బయటికి చిమ్ముతుంది. అంతసేపూ అదిమి ఉన్న తడి బయట పడగానే ఒక్కసారి ఆవిరైపోతుంది, పిండి బొరుగులా పొంగుతుంది. బెజ్జం ముందు తిరిగే కత్తి ముక్కలు కోస్తుంది. నా చుట్టూ పిండి పొంగింది. కత్తి నన్ను కోయలేక, ఒక కొన వంచి వదిలేసింది. అలా నేను ఒక గింజ గర్భంలో ఇరుక్కుని ఎండాను. పైన కొవ్వు పూత, రుచి పూత. బయటికి మూడు నాలుగు మిల్లీమీటర్ల కొన మాత్రం మీసంలా కనిపిస్తూ ఉండేది.

మరి మెటల్ డిటెక్టర్ లేదా అంటారేమో. ఉంది. గింజలు పైనుంచి గొట్టంలో జారి సంచిలో పడేముందు ఆ చట్రం మధ్యనుంచే పోతాయి. సంచి లోపల మెరిసే పొర ఉంటుంది కాబట్టి నింపాక వెతకడం కష్టం, ముందే వెతకాలి. డిటెక్టర్లో మూడు తీగచుట్టలు: నడిమిది తరంగం పంపుతుంది, అటూ ఇటూ ఉన్న రెండూ దాన్ని సరిసమానంగా అందుకుంటాయి. లోహం పోతే ఆ తూకం చెదిరి గంట మోగుతుంది. ఇనుము, ఇత్తడి అయితే ఇట్టే దొరికిపోతాయి. మా స్టెయిన్‌లెస్ జాతే దానికి కొరకరాని కొయ్య. అయస్కాంతగుణం అంతంతమాత్రం, విద్యుత్తు పారడమూ తక్కువే. పైగా ఆ యంత్రాన్ని పరీక్షించేది గుండ్రటి బంతులతో. ఇనప బంతి, ఇత్తడి బంతి, స్టీలు బంతి వేసి చూస్తారు, గంట మోగితే రిజిస్టర్లో సంతకం పెడతారు. బంతి ఎటు తిరిగినా బంతే. నేను అడ్డంగా పడితే ఒక తీరు, నిలువుగా పడితే ఒక తీరు. నేను పడ్డ గింజ దారి వెంబడే నిలువుగా జారింది. స్టీలు తీగ కనపడకుండా పోవడానికి అంతకన్నా మంచి భంగిమ లేదు. ఆ పూట రిజిస్టర్లోనూ సంతకం ఉంది. అబద్ధపు సంతకమని నేను అనను.

సంచి రాజమండ్రి చేరింది. పోస్టుమాస్టరు గారబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వెళ్తూ వెళ్తూ సింబాని తండ్రికి అప్పజెప్పి, మేత మాత్రం నెలనెలా అక్కడినుంచే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతాడు. సింబా అంటే లాబ్రడార్. ఇంట్లో పిలుపు “సింబడు”. పొద్దున్నే ఏడింటికి స్టీలు పళ్లెంలో గింజలు పడగానే నమలడం అనే ప్రసక్తి లేకుండా మింగేసే రకం. ఆ రోజెందుకో నేనున్న గింజని నమిలాడు. కుయ్యిమన్నాడు, తలకాయ విదిలించాడు, పళ్లెం తన్నేశాడు. నేను వాడి పైచిగుర్లో దిగబడ్డాను. సగం గింజ ఇంకా నన్ను పట్టుకునే ఉంది. పోస్టుమాస్టరు గారు టార్చిలైటు నోట కరుచుకుని, రెండు చేతులా వాడి దవడలు విప్పి, అమ్మగారు అందించిన పట్టకారుతో లాగారు. పళ్లెంలో రెండు నెత్తురు చుక్కలు. సగం గింజతో సహా నేను ఆయన అరచేతిలో.

“ఏవండీ, పారేయకండి,” అన్నారు అమ్మగారు. ఆ మాట లేకపోతే ఈ కథ లేదు.

వెటర్నరీ డాక్టరు ముందు ఎక్స్‌రే తీశాడు, మింగినవాటిలో ఇంకేమన్నా ఉన్నాయేమోనని. లోహం ఫిల్ములో తెల్లగా మెరుస్తుంది. సింబడి పొట్టలో మెరుపేం లేదు. డాక్టరు మొదట చదివింది గొడ్ల వైద్యం కాబట్టి దాని గురించే చెప్పుకొచ్చాడు. ఆవు గడ్డితో పాటు తీగ ముక్క మింగితే తేనెపట్టులాంటి అరలో ఆగుతుందట. దాని పక్కనే గుండె. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ కొంచెం కొంచెం ముందుకు పొడుచుకుంటూ పోతుంది. అందుకని కొన్నిచోట్ల ఆవుకి ముందే అయస్కాంతం మింగిస్తారు, తీగలొస్తే దానికి అంటుకుని పడి ఉంటాయని. నన్ను వెలుతుర్లో తిప్పి చూసి, “ఇదైతే దానికీ అంటుకోదు” అన్నాడు. జింకు పూత ఉన్న మేకో నట్టో అయితే ఇంకో గొడవట. కుక్క పొట్టలో ఆమ్లానికి జింకు కరిగి నెత్తురు కణాలు పగిలిపోతాయట. నాకు ఆ పాపం లేదు.

ఎక్స్‌రే ఫీజు, మందుల ఖర్చు కలిపితే సంచి ధర దాటింది.

ఫిర్యాదు మొదలైంది. సంచి మీద కంపెనీ చిరునామా, ఫిర్యాదుల ఫోను, మెయిలు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలే చెబుతున్నాయి, ఉన్నాయి కూడా. ఆయన 36 ఏళ్లు పోస్టాఫీసులో చేసిన మనిషి. మనియార్డరు అందలేదని వచ్చిన అర్జీలకి “విచారణలో ఉన్నది” అని కొన్ని వందల జవాబులు తన చేత్తో రాశారు. ఆ విద్యంతా ఇప్పుడు తిరగేసి వాడారు. సంచి చింపకుండా మూతి మడిచి క్లిప్పు పెట్టారు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్న చోటు ఫోటో తీశారు. నన్ను రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఇంకో ఫోటో. ఆ పైన ఖాళీ హోమియో మాత్రల సీసాలో సగం గింజతో సహా వేసి, తెల్లకాగితం అంటించి, తేదీ, టైము, “పై చిగురు, కుడి” అని రాసి సంతకం పెట్టారు.

ఫోన్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్, కొత్త సంచి పంపిస్తాం, ఐదొందల కూపను ఇస్తాం, మా డెలివరీ అబ్బాయికి ఆ వస్తువు ఇచ్చేయండి సార్.

“ఇవ్వనమ్మా. మీవాళ్లొచ్చి చూసుకోవచ్చు, కొలుచుకోవచ్చు. ఇది నా దగ్గరే ఉంటుంది.”

ఆ తర్వాతే పీచు మెయిలు వచ్చింది.

ఇక్కడొక చిక్కు. సంచి కొన్నది అబ్బాయి, తిన్నది కుక్క. మధ్యలో ఈయనెవరు? ఆహార భద్రత వాళ్ల దగ్గరికి పోదామంటే, 2006 చట్టంలో “ఆహారం” అనే మాటకిచ్చిన అర్థంలోంచే పశువుల మేతను తీసేశారు. పక్కింటి లాయరు గారు సాయంత్రం అరుగు మీద కూచుని సీసాలో నన్ను గలగలలాడిస్తూ ఒక నత్త కథ చెప్పారు. 1928 ఆగస్టులో స్కాట్లండ్‌లో పైస్లీ అనే ఊళ్లో ఒక కాఫీ హోటలు. మే డొనహ్యూ అనే ఆవిడకి స్నేహితురాలు జింజర్ బీరు కొనిపెట్టింది. సీసా ముదురు రంగుది, లోపల ఏముందో కనపడదు. కొంత తాగాక మిగతాది వంపుతుంటే కుళ్లిన నత్త వచ్చిందని ఆవిడ అభియోగం. కొన్నది ఆవిడ కాదు కదా, కంపెనీకి ఆవిడతో ఒప్పందమేముంది? 1932లో లండన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది: వస్తువు చివరికి ఎవరి నోటికి చేరుతుందో వాళ్ల పట్ల తయారుచేసినవాడికి బాధ్యత ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆ సీసాలో నిజంగా నత్త ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు. చూడని నత్త అంత పని చేసింది, నేను సీసాలో పడి కళ్లెదుటే ఉన్నాను.

“మన 2019 చట్టంలో అయితే కొన్నవాడి అనుమతితో వాడుకునేవాడూ వినియోగదారుడే,” అన్నారు లాయరు గారు. “రెండేళ్లలోపు జిల్లా కమిషన్లో వేసుకోవచ్చు. ఇంత చిన్న సరుకుకి ఫీజు కూడా లేదు. ముందు 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి.”

“డబ్బు కోసం కాదండీ,” అన్నారు పోస్టుమాస్టరు గారు.

నిజం. ఆయన మొదటి ఉత్తరంలో అడిగింది ఒక్కటే: ఇది ఏ యంత్రానిది, ఆ యంత్రాన్ని చూశారా? దానికి తప్ప అన్నిటికీ జవాబొచ్చింది. కూపను మీద నాకు కోపం అక్కడే. నన్నొక గింజలో పడ్డ పొరపాటుగా లెక్కేసి ఒక సంచితో సరిపెట్టారు. నేను ఊడినచోట కంత ఉంది. నా ఎడమ పక్కది ఏ ఊరి పళ్లెంలో ఉందో, వేలాడుతున్నది ఎప్పుడు తెగుతుందో. అబ్బాయి ఫోన్లో అదే అన్నాడు. వాళ్లున్నచోట ఇలాంటి ఫిర్యాదులు ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏయే తీసుకుంటుందట, లాట్ నంబరు తప్పకుండా అడుగుతుందట. 2007లో మెను ఫుడ్స్ అనే కెనడా కంపెనీ ఆరు కోట్లకు పైగా డబ్బాలు, పొట్లాలు వెనక్కి తీసుకుంది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్, అదే పళ్లేలు చేసే సరుకు, కలిపారు. నత్రజని లెక్కేసి మాంసకృత్తులని నమ్మే పరీక్షను బోల్తా కొట్టించడానికి. పిల్లులూ కుక్కలూ మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. అది కంటికి కనపడదు, పంటికి తగలదు. దానితో పోలిస్తే నేను ఎంతో మర్యాదస్తురాలిని.

పీచు కాదని తేల్చడానికి పోస్టుమాస్టరు గారు నన్ను కంసాలి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కంటికి భూతద్దం బిగించి, నన్ను పట్టకారుతో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

“స్టీలు పీచుది కాదండీ, పోస్టుమాస్టరు గారూ. పీచు తీగని నొక్కి బద్దీలాగా చేస్తారు, చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఇది గుండ్రటిది. కమ్మచ్చున తీసినది. అర మిల్లీమీటరు.” గోటితో నా వెన్ను నిమిరాడు. “ఈ వంపులు చూశారా? ఒకే ఎడంగా ఉన్నాయి. చేత్తో వంచితే ఇలా రావు. ఇది నేసినదండీ.”

పుట్టి ఇన్నాళ్లకి నన్ను గుర్తుపట్టినవాడు ఒక్కడు దొరికాడు.

ఆ కొలతలు, వంపుకీ వంపుకీ మధ్య ఎడం, చుట్టూ గింజ ఎలా పొంగి గట్టిపడిందో చూపించే ఫోటో, అన్నీ పెట్టి రెండో ఉత్తరం వెళ్లింది. మెయిల్‌తో ఆపలేదు. కాగితం మీద రాసి పోస్టు చేశారు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారని గొణుక్కుంటూనే, కౌంటర్లో కుర్రాడి చేత చేరినట్టు రుజువు కూడా కట్టించుకుని వచ్చారు.

తొమ్మిదో రోజు ఫోను వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి కాదు. వెనకాల మర చప్పుడు. నాకు తెలిసిన చప్పుడే. మగ గొంతు, కాస్త తటపటాయిస్తూ. “సార్, ఆ వంపుల మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు అన్నారు. కచ్చితంగా రెండేనా సార్?”

“రెండే నాయనా. కావాలంటే మళ్లీ కొలిపిస్తాను.”

అటువైపు కాసేపు మర చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ గొంతు ఎవరితోనో పక్కకి తిరిగి అంటోంది, “మూత విప్పండ్రా.” చప్పుడు ఆగిపోయింది.

ఇంతే నాకు తెలిసింది. బ్యాచ్ వెనక్కి తీసుకుంటారో లేదో, మళ్లీ రాయాలో వద్దో పోస్టుమాస్టరు గారు ఇంకా తేల్చుకోలేదు. కమిషన్ కాగితాలు బల్ల సొరుగులో ఉన్నాయి. నేను కిటికీ గట్టు మీద, సీసాలో. పొద్దున్నే ఏడింటికి అమ్మగారు గింజలు చేటలో పోసుకుని గడపలో కూచుంటారు. బియ్యంలో రాళ్లు ఏరే ఒడుపే, వేళ్లతో పలచగా నెరుపుతూ, ఒక్కొక్క గింజా తిప్పి చూస్తూ. చేట అంచు మీద సింబడు గడ్డం ఆనించి చొంగ కారుస్తుంటాడు.

“ఆగరా, చచ్చినోడా. ఇంకా సగమే అయింది.”