సరంజామా బావ

మా ఇంటి అల్లుళ్లలో ఒకాయనకు నేను పెట్టుకున్న పేరిది. అసలు పేరు రాస్తే బైరాగిపట్టెడలో సగంమంది గుర్తుపడతారు, మిగతా సగంమంది ‘మా ఇంట్లోనూ ఒకడున్నాడు’ అంటారు. ఊరికి పోదామంటే మనం టికెట్టు ఎంతవుతుందని అడుగుతాం. ఈయన సంచికి జిప్పు ఎన్ని వరసలు కుట్టారని అడుగుతాడు. సంచి సంగతి తేలేలోగా ఆ ఊళ్లో పెళ్లి అయిపోయి, పెళ్లికూతురికి సీమంతం కూడా అయిపోతుంది.

దీనికి అలిపిరి మెట్లే సాక్షి. నాలుగేళ్ల కిందట నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడు. 3,550 మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం ఒకటి. మోకాలు పట్టేయకుండా ఎలాంటి బూట్లు కావాలో తేల్చడానికి మూడు నెలలు పట్టింది. అడుగున ఫోమ్ ఎంత మందం, మడమ ఎంత ఎత్తు, తడి రాయి మీద జారుతుందా లేదా అని రోజూ చర్చే. చివరికి మా మేనకోడలి కాలేజీ ఫీజులో ఒక వాయిదా అంత డబ్బు పోసి ఓ జత తెప్పించాడు. తెల్లవారుజామున అలిపిరికి పోతే చుట్టూ అందరూ ఒట్టి కాళ్లతో ఎక్కుతున్నారు. మా అక్క మొదటి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తలెత్తి ఆయన కాళ్లవైపు ఒక్క చూపు చూసింది. బూట్లు సంచిలోకి పోయాయి. అట్లా అవి గాలిగోపురం దాటాయి, మోకాళ్ల పర్వతం దాటాయి, 3,550 మెట్లూ ఎక్కాయి, ఒక్క మెట్టునైనా తాకకుండా.

తలకోనలో రాత్రి పడుకోవడానికని కొన్న గుడారం ఇప్పుడు మిద్దె మీద చెనక్కాయల మూటలకు కప్పుగా ఉంది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

బంగారుపాళ్యం దగ్గర ఆయనకు ఆరెకరాల తోతాపురి తోట ఉంది. ఏడాది పంట ట్రాక్టర్లకెత్తి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకుపోతే, లోపలివాళ్లు చెప్పిన రేటుకు అర నిమిషంలో తలూపి వస్తాడు. ఊపక ఏం చేస్తాడు, మాగిన కాయ రేపటిదాకా ఆగదు. ఏడాది కష్టానికి అర నిమిషం, బూట్లకు మూడు నెలలు! నేను నవ్వుతాను గానీ, ఒక్కోసారి అనిపిస్తుంది, ఇది బాగుంది ఇది బాగలేదు అని చెప్పే అధికారం ఆ మనిషికి దొరికేది ఈ వస్తువుల దగ్గరే. దొరికినచోట వదలడు.

కిందటి ఉగాదికి టోక్యోలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఫోన్ చేసి, “జనవరిలో అక్కను తీసుకుని రా బావా, హొక్కైడోలో మంచు చూపిస్తా, స్నోబోర్డు కూడా ఎక్కుదువు” అన్నాడు. మంచన్నది బావ చూసింది ఫ్రిజ్ పైఅరలోనే. చలి అంటారా, 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్‌లో ఒక డిసెంబరు రాత్రి రెండు రగ్గులు కప్పుకుని కూడా తెల్లారే దాకా నిద్రపోలేదు. అయితే తమ్ముడి మాటల్లో చలి, విమానం, వీసా ఏవీ ఆయన చెవిన పడలేదు. స్నోబోర్డు ఒక్కటే పడింది, మంచు మీద నిలబడి జారే పలక.

వారం తిరిగేసరికి నన్ను పిలిపించాడు. “ఏంబ్బా, మామూలు పలక అక్కడ పనికిరాదంట. ఆడ పడేది పొడిమంచు.”

లోపలినుంచి మా అక్క: “కాఫీపొడి అయిపోయి మూడు దినాలాయ. ఈయనకి మంచుపొడి కావాల్నంట.”

బావ చెప్పింది తప్పేమీ కాదు, అదే ఈ రకం మనుషులతో వచ్చే చిక్కు. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తడి పీల్చుకుని, హొక్కైడో కొండలకు తగిలి మంచు రాలుస్తుంది. ఆ మంచు చేతిలో ముద్ద కాదు, ఊదితే ఎగురుతుంది. నిసెకో అనే ఊరు ప్రపంచమంతా తెలిసింది దానివల్లే. ఆ మంచులో గట్టిమంచు మీద నడిపే పలక ఎక్కితే దాని మూతి కూరుకుపోతుందట. ఇది నోటితో చెప్తే నాకు అర్థం కాదని, అప్పుడే మిల్లులో ఆడించి తెచ్చిన రాగిపిండి డబ్బా తీసి బేసిన్లో కుమ్మరించాడు.

మొదట మా మేనకోడలి స్కేలు తీసుకున్నాడు. దాని నడుమ ఒక నిమ్మకాయ పెట్టాడు. “ఇది నేను.” స్కేలును పిండిలో ముందుకు తోశాడు. ముక్కు మునిగింది, నిమ్మకాయ బోర్లా పడింది. “చూస్తివా? రెండు కొసలూ ఒకే తీరుగా ఉండే పలక ఇంతే. మునగకుండా ఉండాలంటే ఒళ్లంతా వెనక్కి వాల్చాల, వెనక తొడ మంటెత్తి పోతాది.” తర్వాత ముందు వెడల్పుగా, పైకి వంపు తిరిగిన చెక్క గరిటె తీశాడు. నిమ్మకాయను కాడవైపు జరిపి పెట్టాడు. తోస్తే గరిటె మూతి ఎత్తుకుని పిండి మీద తేలిపోయింది. పొడిమంచు పలక గుట్టంతా అదే: ముందు వెడల్పు, తోక సన్నం, మూతి పైకి, కాళ్లు వెనక్కి. తోక కాస్త మునిగితే మూతి తనంతట తానే లేస్తుంది.

నిజంగా ముచ్చటేసింది. చప్పట్లు కొట్టబోతుండగా నిమ్మకాయ ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. “కొత్త బండి కింద పెట్టి తొక్కిస్తారు నిమ్మకాయని,” అంది అక్క, పిండి ఎత్తుకుంటూ. “బండి మీదెక్కించి ఊరేగించేది నిన్నే చూస్తి.” ఆ రాత్రి సంగటిలో రొంత నలుసులు తగిలాయి. ఎవరమూ పైకి అనలేదు.

తర్వాత కాళ్ల పంచాయితీ. పలక మీద ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ. మనిషిది ఏ కాలో తేల్చడానికి చెప్పకుండా వెనకనుంచి తొయ్యాలట, ఏ కాలు ముందు పడితే అది. వరండాలో నిలబడి “తొయ్యి” అన్నాడు. చెప్పి తోస్తే లెక్కకు రాదు కదా అన్నాను. అయితే చెప్పకుండా తొయ్యమన్నాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర చెరుకురసం తాగుతుండగా తోశాను. ఎడమకాలు పడింది, గ్లాసు కూడా పడింది. రెండోసారి పెరట్లో తోస్తే కుడికాలు. ఆయన కుడికాలికే ఒప్పుకున్నాడు, అది శుభమట. ఇంగ్లీషులో గూఫీ అంటే తింగరివాడని అర్థం ఉందని నేను నోరుజారాను.

“కుడికాలు ముందు పెట్టే గదా నేను ఈ ఇంట్లోకి వచ్చింది,” అంది అక్క. “ఆ పేరు నాకే సరిపోతాదిలే.”

పలక పొడవు వెనకటికి గడ్డానికీ ముక్కుకూ నడుమ ఉంటే చాలనేవారు. ఇప్పుడు ఎత్తుకన్నా బరువు ముఖ్యమంటున్నారు, పొడిమంచుకైతే పొట్టిగా, వెడల్పుగా చేస్తున్నారు. బరువు ఎంత బావా అంటే “71” అన్నాడు. ఎప్పటిదంటే, పన్నెండేళ్ల కిందట తిరుమలలో తులాభారం తూగినప్పటి బెల్లం లెక్క. స్వామి సన్నిధిలో తూగిన బరువును మార్చడం ఆయనకు ఇష్టం లేదు. తూకం యంత్రం మీద నిలబెడితే 84 చూపించింది. యంత్రం పాతదన్నాడు.

ఇక కలప. చాలా పలకల లోపలుండేది కొయ్యే, పైనా కిందా గాజునార, అంచుకు ఉక్కు. పాప్లర్, పౌలోనియా లాంటి తేలిక కలప వాడతారు. ఇది తెలిసిన క్షణం మన శేషాచలం గుర్తొచ్చింది ఆయనకు. “జపానోళ్లు వాయిద్యాలకి మన ఎర్రచందనమే కొంటా ఉన్నింది. మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్లకి చెప్పి ఒగటి చేపిస్తే?” ఎర్రచందనం నీళ్లలోనే మునిగే చేవ అని, అది మంచులో ఏం తేలుతుందని నేనన్నాను. అంతకంటే ముందు విమానాశ్రయంలో మనమే మునుగుతామని అక్క అంది.

ఆరో నెలకు చరిత్రలోకి దిగాడు. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలో మస్కీగన్ అనే ఊళ్లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, కూతుళ్లను ఆడించడానికి రెండు స్కీ బద్దల్ని కలిపి కట్టేశాడట. ఆయన భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది, స్నోబోర్డుకు అదే మూలం. బావ ఈ కథను పెళ్లి పంక్తిలో, మంగలి కుర్చీలో, రేణిగుంట ప్లాట్‌ఫారం మీద కూడా చెప్పాడు. ఆ పెద్దమనిషి ఏ బద్దలు మేలని ఆరు నెలలు వెతకలేదనీ, ఇంట్లో ఉన్నవే కట్టాడనీ ఒక్కసారీ తట్టలేదు.

మధ్యలో నేను గుల్మార్గ్ పేరెత్తాను. అక్కడా మంచి పొడిమంచే. కేబుల్ కారు అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకుపోతుంది, వీసా అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. బావ నావైపు జాలిగా చూశాడు. “కాశ్మీరు మన దేశమే గదబ్బా. ఊర్లో ఏమని చెప్పుకునేది?”

నవంబరుకు ఎంపిక రెండింటి దగ్గరికి వచ్చి ఆగింది. ఒకటి చేపతోకలా చీలింది, ఒకటి గుండ్రం. చీలిన తోక బాగా మునుగుతుంది, గుండ్రం తోక గట్టిమంచు మీద మాట వింటుంది. ఆ సాయంత్రం తమ్ముడే ఫోన్ చేసి, పలకలు అక్కడ అద్దెకిస్తారనీ, అయినా కొత్తగా ఎక్కేవాళ్లను పొడిమంచులోకి పంపరనీ, మెత్తగా వంగే పలక ఇచ్చి చదును చేసిన చిన్న వాలు మీద చిన్నపిల్లల పక్కన నేర్పిస్తారనీ చెప్పాడు.

బావ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున నాకు ఫోన్ వచ్చింది. గొంతులో మళ్లీ జీవం ఉంది. “ఏంబ్బా, ఆ అద్దె కొట్లో ఎన్ని రకాలుంటాయంటావు?”

కనుమ పండగ కాగానే చెన్నైలో విమానం ఎక్కారు. వారానికి ఫొటో వచ్చింది. పట్టుచీర మీద కోటు, తలకు కోతిటోపీ, ఎర్రటి ప్లాస్టిక్ తొట్టిలో కూర్చుని మా అక్క వాలు మీద జారిపోతోంది. నోరంతా తెరిచి ఉంది, కేకో నవ్వో తెలీదు. వెనక మేఘాల్లోంచి యోతెయ్ కొండ. అది 1,898 మీటర్లని బావ మాకు ముందే చెప్పి ఉన్నాడు.

బావ ఏడీ అని అడిగాను. అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. “పొద్దున తొమ్మిదింటి నుంచి అద్దె కొట్లోనే ఉండాడు. రెండు పీటలు ముందరేసుకుని తడమతా ఉండాడు. ఏ కాలు ముందని ఆడుండే పిల్లోడు అడిగితే ఈయన ఎటూ చెప్పలేకపాయ. వాడు వెనక్కి పోయి చెప్పకుండా తోసినాడు. రెండు కాళ్లూ ఒక్కసారే ముందుకు పోయినాయి!”