ఎంత తగ్గానండీ?

నేను కాటాని. కింద ఇనుప బల్ల, వెనక నిలువు కంబం, పైన గీతలు చెక్కిన ఇత్తడి దండె, దాని మీద అటూ ఇటూ జరిగే చిన్న గుండు. ఉండి ఊరి సెంటర్లో ఒక మందుల షాపు అరుగు మీద ఉంటాను. తూనికలు కొలతల శాఖ వాళ్ళు గడువు ప్రకారం వచ్చి, తమ రాళ్ళు నా మీద పేర్చి చూసుకుని, ముద్ర కొట్టి పోతారు. అందుకని నేను చూపిన అంకెని ఎవరూ కాదనరు. నాకొచ్చిన పేరూ, నాతో వచ్చిన చిక్కూ ఆ అంకె వల్లే.

నన్ను మనుషుల కోసం కొనలేదు. కొల్లేరు అంచున ఒక చేపల చెరువు కోసం కొన్నారు. మొదట్లో నా మీద ఎక్కినవి తవుడు బస్తాలు, వేరుశనగ చెక్క బస్తాలు. ఆ తరవాత శీలావతులు, బొచ్చెలు, ఐసు. చెరువు మీద ఉన్నన్నాళ్ళూ ఆకలి తగ్గడం మంచి కబురని ఎవరి నోటా వినలేదు. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది, మేత ముట్టదు. కర్రలకి కట్టిన మేత సంచులు కట్టినవి కట్టినట్టే తిరిగొచ్చిన రోజున రైతుకి అన్నం సయించేది కాదు. రొయ్యల వాళ్ళ సంగతీ అంతే, చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందని చూడగానే మొహం పాలిపోతుంది. ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది గనక అక్కడికి పరుగెత్తేవారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు వచ్చి అభయారణ్యం హద్దులోపలి చెరువు గట్లు తెగ్గొట్టారు. మా చెరువూ పోయింది. నన్ను ట్రాక్టరు మీద వేసి తెచ్చి, యజమాని బావమరిది మందుల షాపు ముందు దింపారు.

ఇక్కడ లోకం తిరగబడింది. అరుగెక్కిన ప్రతి మనిషీ తగ్గాలనే ఎక్కుతాడు. తగ్గడం ఎలాగండీ ఈ దేశంలో? పెళ్ళికి వెళితే ‘ఇంకొక్కటండీ, మా మీద ఒట్టు’ అంటారు. ఆ ఒక్కటీ పూతరేకు అవుతుంది, దాని వెనక ఇంకొకటి. ఆ మర్నాడు వచ్చి, చెప్పులు విప్పి, సెల్‌ఫోను కౌంటరు మీద పెట్టి మరీ నా మీద నిలబడతారు. ఫోను బరువెంతని!

నాకు ఈ ఆకలి శాస్త్రం ఎక్కడిదంటారా? షాపు యజమాని కూతురు బి.ఫార్మసీ చదివింది. పరీక్షల ముందు అరుగు మీద కూర్చుని పుస్తకం పైకి చదివేది. నేను కదలలేను గనక వినేవాణ్ణి.

ఆకలి పుట్టేది పొట్టలో అనుకుంటాం గానీ తీర్పు చెప్పేది మెదడు అడుగున ఉన్న హైపోథలామస్. అక్కడ కొన్ని నరకణాలు తినమంటాయి, మరికొన్ని చాలంటాయి. సెరటోనిన్ పెరిగితే చాలనే కణాలకి బలమొస్తుంది. నార్‌ఎడ్రినలిన్ ఒంటిని మెలకువలో, పరుగులో పెట్టి ఆకలిని పక్కకి నెడుతుంది. డోపమిన్ ఇంకో చోట, ఆశ పుట్టే చోట పనిచేస్తుంది. పూతరేకు కనబడగానే చెయ్యి చాచేది దానివల్లే. ఒక నరం కొసనుంచి ఈ రసాయనాలు సన్నని సందులోకి విడుదలై, అవతలి నరానికి కబురు చెప్పి, మళ్ళీ వచ్చిన నరంలోకే వెళ్ళిపోతాయి. ఇలా వెనక్కి పీల్చుకునే ఏర్పాటు ఉందని జూలియస్ ఆక్సెల్‌రాడ్ కనిపెట్టాడు. 1970లో నోబెల్ వచ్చిన ముగ్గురిలో ఆయనొకడు.

కొల్లేటి వాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక. కొల్లేట్లో చేరిన నీళ్ళు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. ఉప్పుటేరు పూడిపోతే ఎక్కడి నీళ్ళక్కడే నిలిచి ఊళ్ళ మీదికొస్తాయి. పోటు తగిలితే ఇంకా వింత, నీళ్ళు పోవలసిన దారినే ఉప్పునీళ్ళు ఎదురొస్తాయి. ఆకలి చంపే ఉత్తేజక మందులు చేసే పనులు ఈ రెండే. సిబుట్రమిన్ అనేది నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్ వెనక్కి పోయే దారిని పూడుస్తుంది. ఆంఫెటమిన్ పోటు తెప్పిస్తుంది. అది నరం కొసలోకి చొరబడి, లోపల చిన్న చిన్న సంచుల్లో దాచిన డోపమిన్‌ని, నార్‌ఎడ్రినలిన్‌ని బయటికి కార్పించి, పీల్చుకోవలసిన దారిలోనే ఎదురు తోస్తుంది.

ఆ సంచులు నిండడానికి కావలసిన శక్తి ఏటీపీ నుంచి వస్తుంది. ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి బయటపెట్టినవాడు మన పక్క భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు, అది వేరే కథ. ఆ పేజీ వచ్చినప్పుడల్లా అమ్మాయి గొంతు కాస్త పెరిగేది. సుబ్బారావు గారు తరవాత లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్ బోదకాలుకి మందయింది. బోదకాలుతో మూలుగుతూ నా మీద ఎక్కిన ముసలమ్మల బరువు కూడా నేను ఒక్క గ్రాము తేడా లేకుండా చూపాను. అందులో ఒళ్ళెంతో వాపెంతో నాకు తెలియదు.

ఆంఫెటమిన్‌ని 1887లో బెర్లిన్‌లో ఎదెల్యాను అనే రుమేనియా రసాయనవేత్త తయారుచేశాడు. నలభై ఏళ్ళకి పైగా దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1930లలో ముక్కుదిబ్బడకి పీల్చే గొట్టంలో పెట్టి అమ్మారు. పీల్చినవాళ్ళకి ముక్కుతోబాటు నిద్రా, ఆకలీ కూడా ఎగిరిపోయాయి. ఇంకేం, యుద్ధంలో సైనికులకి నిద్ర రాకుండా మింగించారు, యుద్ధమయ్యాక ఇల్లాళ్ళకి లావు తగ్గడానికి మింగించారు. 1960లలో అమెరికాలో రంగురంగుల బిళ్ళలని ఒక పొట్లం ఉండేది. ఆంఫెటమిన్, థైరాయిడ్ మందు, నీరు లాగే మందు, గుండె మందు డిజిటాలిస్ అన్నీ అందులోనే. కాటా మీద అంకె పడిపోకుండా ఎలా ఉంటుంది! కొందరు మనుషులే పడిపోయారు.

ఆంఫెటమిన్ జాతి మందులకి ఆకలి చంపే మహిమ నిలిచేది కూడా కొన్ని వారాలే. సందులో రసాయనం ఎప్పుడూ నిండుగా ఉంటే అవతలి నరం తన గ్రాహకాలని తగ్గించుకుంటుంది. అదే బిళ్ళకి అంత పని జరగదు, రెండో బిళ్ళ కావాలి. నిద్ర పోతుంది, చిరాకొస్తుంది, మోతాదు మరీ పెరిగితే ఎవరో తరుముతున్నారన్న అనుమానం దాకా పోతుంది. మానేస్తే సందు ఎండిపోయి దిగులు, మగత, ఆపలేని ఆకలి. తగ్గిన కిలోలు అప్పుడు వడ్డీతో తిరిగొస్తాయి. ఆ రాకడ నేను చాలామందిలో చూశాను. అయితే తిరిగి పెరిగినవాళ్ళు నా మీద ఎక్కరు, అరుగు దిగువనుంచే మందులు అడిగి పోతారు.

ఇప్పుడు నా పక్కింటివాడి సంగతి. నాకు మూడడుగుల దూరంలో ఆర్‌ఎంపీ గారి బల్ల, బల్ల మీద పాదరసం బీపీ పెట్టె. నేను ఒంటి బయట కొలుస్తాను, ఆ పెట్టె లోపల కొలుస్తుంది. సిబుట్రమిన్ చట్టబద్ధంగా అమ్ముతున్న రోజుల్లో, ఫీడు షాపులో లెక్కలు రాసే ఒకావిడ పట్నంలో డాక్టరు రాసిచ్చిన కాప్సూళ్ళు వాడుతూ వారం వారం వచ్చేది.

“ఎంత తగ్గానండీ?”

“కిలోన్నర తగ్గారమ్మా.”

“ఆయ్! ఆకలి మాటే గుర్తు రావట్లేదండి.”

ఆర్‌ఎంపీ గారు పిలిచి పట్టీ కట్టారు. పాదరసం కిందటిసారి ఆగిన గీత దాటి నిలబడింది. “నిద్ర పడుతోందా అమ్మా?” అంటే, “లేదండి, నోరెండిపోతోంది, గుండె దడదడలాడుతోంది. ఫర్లేదండి బాబూ, తగ్గుతున్నాను కదా!” అంది. నా అంకె చూసి వచ్చిన ఆనందం ముందు ఆ పెట్టె అంకె వెలవెలపోయింది.

ఆవిడ గుండె దడకీ, ఆకలి చావడానికీ కారణం ఒకటే. నార్‌ఎడ్రినలిన్‌కి హైపోథలామస్‌లో ఆకలి పని ఉన్నట్టే గుండె దగ్గర కొట్టుకునే పని, రక్తనాళాల గోడల్లో బిగించే పని ఉన్నాయి. మాత్రకి చదువు రాదు, ఆకలి నరాల దగ్గరే దిగాలని దానికి తెలియదు. సిబుట్రమిన్ సగటున బీపీని ఒకటి నుంచి మూడు పాయింట్లు, నాడిని నిమిషానికి నాలుగైదు సార్లు పెంచేది. అది సగటు. కొందరిలో అంతకన్నా చాలా ఎక్కువ.

సిబుట్రమిన్‌ని మొదట దిగులు తగ్గించే మందుగా తయారుచేశారు. అందుకు పనికిరాలేదు గానీ వాడినవాళ్ళు సన్నబడ్డారు. 1997లో అమెరికా అనుమతి వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే ఫెన్‌ఫ్లురమిన్‌ని గుండె కవాటాలు పాడుచేస్తోందని సంతలోంచి లాగేశారు. ఒకటి పోయిన తలుపులోంచే రెండోది వచ్చింది. ఇలాంటి మందులకి అనుమతి ఇచ్చేటప్పుడు పెద్ద సాక్షి ఎవరనుకున్నారు? నా కులంవాడే, కాటా. ఒంటి బరువు 5 శాతం తగ్గిందా లేదా అన్నదే కొలబద్ద. బీపీ పెట్టె చెప్పింది కూడా రాసుకున్నారు, కింద చిన్న అక్షరాల్లో.

పదివేల మందికి పైగా గుండెజబ్బో, షుగరో, రెండూనో ఉన్నవాళ్ళ మీద స్కౌట్ అనే పెద్ద పరీక్ష జరిగాక గానీ పెద్ద అక్షరాలు పడలేదు. మందు తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులవంటి ఘటనలు 11.4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 10 శాతం మందికి వచ్చాయి. అయిదేళ్ళ చివర రెండు గుంపుల బరువు తేడా ఎంతో తెలుసా? దాదాపు రెండున్నర శాతం. ఎనభై కిలోల మనిషికి రెండు కిలోలు. మా చెరువు మీద రెండు కిలోల తేడా వస్తే నీటి తడి కింద కొట్టేసేవారు. 2010లో యూరప్, అమెరికా ఆ మందుని ఆపేశాయి. 2011 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం నిషేధించింది.

నిషేధం షాపు బీరువాకి వర్తిస్తుంది, పార్సిలు సంచికి వర్తించినా ఎవరు చూస్తారు? మూలికలతో చేశామని ఆకుపచ్చ అట్టల మీద రాసి అమ్మే కాప్సూళ్ళలో అదే సిబుట్రమిన్ కలిపి ఉందని అమెరికా మందుల సంస్థ ఏళ్ళ తరబడి పట్టుకుంటూనే ఉంది. ఆన్‌లైన్లో తెప్పించుకున్న ఇలాంటివి వాడుతూ మా అరుగెక్కినవాళ్ళకి అందులో ఏముందో తెలియదు, నాకూ తెలియదు. ‘ఆకు పసరేనండి, ఏమీ కాదు’ అంటారు. బీపీ పెట్టెకి మాత్రం అనుమానం.

ఉత్తేజక మందులన్నీ పాపిష్టివని నేననను. కుదురు లేని పిల్లలకి మిథైల్‌ఫెనిడేట్ ఇస్తారు. అదీ డోపమిన్ వెనక్కి పోయే దారి మూసేదే, కానీ కొలిచిన మోతాదులో, డాక్టరు కళ్ళ ముందు. ఆ పిల్లాడికి మధ్యాహ్నం అన్నం సయించదు. వాళ్ళమ్మ మందు ప్రభావం దిగాక సాయంత్రం పెరుగన్నం పెట్టుకుంటుంది. ఆ పిల్లాణ్ణి డాక్టరు నా మీద ఎక్కించమంటాడు, పొడుగు చూడమంటాడు, బీపీ, నాడి కూడా చూడమంటాడు. నాలుగూ ఒకే వరసలో రాస్తాడు. నా పనికి అంత మర్యాద ఇంకెక్కడా దొరకలేదు.

ఇప్పుడు షాపు అమ్మాయి చేతికొచ్చింది. లావు తగ్గించే సూదిమందులు ఫ్రిజ్‌లోకి వచ్చాయి. అవి ఈ కథలోని ఉత్తేజకాలు కావు, పేగు హార్మోను దారిలో నడిచేవి. వాటికీ డాక్టరు చీటీ లేకుండా కుదరదంటుంది ఆ పిల్ల. కౌంటరు మీద ఒక నోటు పుస్తకం పెట్టింది. అందులో బరువుకొక గడి, బీపీకొకటి, నాడికొకటి. మొన్న ఒకాయన నా మీదినుంచి దిగుతూ విసుక్కున్నాడు.

“నేనడిగింది బరువే కదండీ, బీపీ ఎందుకు?”

“రెండూ కలిపి అయిదు రూపాయలేనండి మావయ్యగారూ. కూర్చోండి, చొక్కా చెయ్యి పైకి మడవండి.”