కుకీల అల్లుడుగారు

గోదావరి జిల్లాల్లో అల్లుడంటే కూర్చునేవాడు. పండగ మూడు రోజులూ ఆయన ఉద్యోగం అదే. హాల్లో ఫ్యాను కింద ఆయన్ని ప్రతిష్ఠించేస్తారు. మంచినీళ్ళకని లేచినా ‘మీరు కూర్చోండి బాబూ’ అంటూ నలుగురు పరిగెత్తుకొస్తారు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించి దేశమంతా పేపర్లకెక్కింది. అక్కడా అల్లుడి వంతు పని కూర్చోవడమే.

అలాంటి సీమలో ఇప్పుడు లేచి నిలబడే అల్లుడొకడు బయల్దేరాడు. నిలబడి ఊరుకోడు, తిన్నగా వంటింట్లోకి నడుస్తాడు.

ఈ అల్లుణ్ణి రావులపాలెంలో కారు దిగుతుండగానే పోల్చుకోవచ్చు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, 2020 లాక్‌డౌన్‌లో అంటుకున్న బేకింగు. కరోనా పోయింది గానీ ఇది పోలేదు. పంచెలచాపు ఒక సంచీలో ఉంటే, అసలు సామానంతా ఇంకో పెట్టెలో ఉంటుంది: గ్రాములో పదో వంతు కూడా చూపించే త్రాసు, పుల్లలా పొడుగ్గా ఉన్న థర్మామీటరు, రబ్బరు గరిటెలు, ఇంగ్లండు నుంచి తెప్పించిన మాల్డన్ ఉప్పు డబ్బా, బెల్జియం చాక్లెట్ ముక్కల పొట్లం. మామగారిది కోనసీమలో కొబ్బరితోట. ఆ చెట్ల నీడనే అంతరపంటగా కోకో వేశారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. బస్తాలకెత్తడానికి సిద్ధంగా వాకిట్లో ఎండుతున్న గింజల్ని పక్కకి తప్పుకుంటూ అల్లుడుగారు బెల్జియం పొట్లాన్ని జాగ్రత్తగా లోపలికి మోసుకుపోతారు.

‘అత్తయ్యగారూ, ఈసారి కుకీలు నేను చేస్తానండి. సాల్టెడ్ కారమెల్, బ్రౌన్ బటర్.’

‘ఆయ్, అలాగే బాబూ’ అంటారు అత్తగారు. గోదావరి ఆడపడుచు నోట ‘అలాగే’ అన్న మాటకి పాతిక అర్థాలున్నాయి. అందులో ‘సరే’ అన్నది ఆఖరిది.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరు తప్పుచేసినా ఆవిడ మొహం మీదే అనేస్తారు. మొగుణ్ణి అంటారు, కొడుకుని అంటారు, పాలవాణ్ణయితే వీధి మొగదాకా తరిమి మరీ అంటారు. అల్లుణ్ణి మాత్రం అనకూడదు. ఈ వంటంతా ఆ ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది.

ఓవెను ఇంట్లోనే ఉంది. కిందటి దసరాకి అల్లుడుగారే కానుకగా పంపారు. ముగ్గులు కుట్టిన గుడ్డ కప్పుకుని అది బీరువా మీద కొలువై ఉంది. దింపి తలుపు తీస్తే లోపల మామగారి బీపీ బిళ్ళలు, కరెంటు బిల్లులు, రెండు బల్బులు బయటపడ్డాయి. సరుకుల కోసం బామ్మర్దిని అమలాపురం తోలారు. బ్రౌన్ షుగరు అడిగితే కొట్టువాడు బెల్లం పొడి చూపించాడట. ‘పోనీ బెల్లమే వేసుకోండి, మన మడిలోదే’ అన్నారు మామగారు. తేమ ఎంతుందో తెలియదని అల్లుడుగారు తల అడ్డంగా ఊపారు. బ్రౌన్ షుగరంటే పంచదారకి చెరకు మడ్డి పట్టించినదే అని తెలిశాక మామగారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. వాకిట్లోకెళ్ళి కోకో గింజలు కలియబెట్టుకున్నారు.

ఇక వెన్న. ఆ పూట అత్తగారు చిలికి తీసిన వెన్నముద్ద నీళ్ళలో తేలుతుంటే, అల్లుడుగారు ఫ్రిజ్‌లోంచి ఉప్పులేని వెన్న పెట్టె తీసి 225 గ్రాములు తూచారు. పొయ్యి సన్నమంట మీద పెట్టి ఉపన్యాసం అందుకున్నారు. వెన్నలో వందకి పదహారు పాళ్ళ దాకా నీళ్ళే ఉంటాయట. ముందు ఆ నీళ్ళు చిటపటలాడి పోతాయి, నురుగు కడుతుంది, తర్వాత పాలలోని ఘనపదార్థం అడుక్కి దిగి ఎర్రబడుతుంది, జీడిపప్పు వేయించినట్టు వాసన వస్తుంది, ఆ క్షణాన దించెయ్యాలి. అత్తగారు చేతులు కట్టుకుని వింటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా వారం వారం నెయ్యి కాచే మనిషి. చప్పుడు ఆగగానే తమలపాకు తుంపి అందులో పడేసి దించడం ఆవిడ అలవాటు. దించాక అడుగున మిగిలిన ఎర్రమడ్డిలో పంచదార కలుపుకుని తినడానికి పిల్లలు కొట్టుకునేవారు. మన ఇళ్ళలో నెయ్యి వడకట్టుకుని మడ్డిని పిల్లలకి వదిలేస్తాం. అల్లుడుగారికి ఆ మడ్డే కావాలి, నెయ్యి దానికి తోడు.

చప్పుడు ఆగింది. నురుగు రెండోసారి పొంగింది. అత్తగారి చెయ్యి దానంతటదే పొయ్యి మీటవైపు వెళ్ళి ఆగిపోయింది. అల్లుడుగారు ఫోను చూసుకుంటున్నారు. రంగు తేనెని దాటింది. ఇక ఉండబట్టలేక ఆవిడ పెరటి గుమ్మం వైపు తిరిగి కూతురితో గట్టిగా అన్నారు: ‘ఏమే, వీధిలో ఎవరింట్లోనో నెయ్యి మాడుతున్నట్టుందే!’

‘అదేనండి అత్తయ్యగారూ, బ్రౌన్ బటర్ వాసన’ అన్నారు అల్లుడుగారు సంతోషంగా. అన్నాక గిన్నెలోకి చూసి గబుక్కున దించారు. ఒక్క నిమిషం ఆలస్యమైతే 225 గ్రాములూ తులసికోట దగ్గర దీపానికి కూడా పనికొచ్చేవి కావు. ఆ వెన్నని కాపాడింది ఆ వీధిలో లేని ఇల్లు.

తర్వాత పాకం. ఇది మరీ నాజూకు వ్యవహారం. ఎందుకంటే ఈ నేల తినేదే పాకం. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టంకాజా పాకం పీల్చుకునే పేరు తెచ్చుకున్నాయి. ఇంటి అరిసెలకి పాకం సరిగ్గా కుదిరిందా లేదా అన్నదాని మీద ఊళ్ళో ఒక ఇల్లాలి పరువు ఏడాదంతా నడుస్తుంది. అల్లుడుగారు పంచదారని పొడి మూకుట్లోనే కరిగించి, రాగిరంగు తేలాక క్రీము పోశారు. అది బుస్సున లేచింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఉప్పు వేసి థర్మామీటరు ముంచి, ‘118 డిగ్రీలు రావాలండి’ అని అంకెల వైపు చూస్తూ నిలబడ్డారు. అత్తగారు ఆయన వెనకనుంచి గరిటె అంచున ఒక చుక్క తీసి నీళ్ళ పళ్ళెంలో వేశారు. వేలితో దగ్గరికి నెడితే ఉండ కట్టింది. అరిసెలకి చూసేది కూడా ఆ ఉండపాకమే. ‘వచ్చేసిందేమో బాబూ’ అన్నారు, అదేదో సందేహంలాగా. అల్లుడుగారు మీటరు తుడిచి మళ్ళీ ముంచారు. 118. ఆయన మీటరుని మెచ్చుకున్నారు.

పాకం చల్లారేలోగా చరిత్ర కూడా చెప్పారు. ఫ్రాన్సులో బ్రిటనీ అనే ప్రాంతం ఉంది. పాతకాలంలో రాజుగారి ఉప్పుపన్ను వాళ్ళకి లేదు, అంచేత అక్కడ వెన్నలో ఉప్పు ధారాళంగా కలిపేవారు. ఆ ఉప్పువెన్నతోనే 1977లో కిబెరాన్ ఊళ్ళో ఆన్రీ లె రూ అనే మిఠాయి పనివాడు ఈ ఉప్పు కారమెల్‌ని తయారుచేశాడు. ‘ఫ్రాన్సువాళ్ళంటే మన యానాం వాళ్ళే కదండీ’ అన్నారు మామగారు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. అయితే వాళ్ళు అక్కడ ఇన్నేళ్ళుండీ ఈ బిస్కెట్టు సంగతి మనకి చెప్పనేలేదని మామగారు బాధపడ్డారు. ఆయనకి యానాంతో ఉన్న పరిచయం బిస్కెట్లది కాదు, సీసాలది. ఆ మాట అల్లుడి ముందు ఎవరూ అనలేదు.

కలిపిన పిండికి రాత్రంతా విశ్రాంతి కావాలన్నారు. ఫ్రిజ్‌లో నాటుకోడికీ బంతిపూలకీ మధ్య దాన్ని పడుకోబెట్టారు. ఈలోగా వంటిల్లు చూడాలి. అత్తగారు ఇంటిల్లిపాదికీ పండగ వంట రెండు గిన్నెలూ ఒక మూకుడుతో లాగించే మనిషి. అల్లుడుగారు కుకీల కోసం పెళ్ళిలో పెట్టిన వెండి గిన్నెతో సహా ఇంట్లో ఉన్నవన్నీ ముట్టుకున్నారు. తోమడం అన్నది ఆయన చూసిన వీడియోల్లో ఉండదు. ఈ జాతి అల్లుళ్ళమీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అది. మిగతా విషయాల్లో నా ఓటు వాళ్ళకే. మామగారు తన అత్తారింట్లో వంటగది గోడలకి ఏ రంగు వేశారో ఇప్పటికీ ఎరగరు.

మర్నాడు 175 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది, పదోదానికి వచ్చింది, లెక్కలన్నీ తారుమారయ్యాయి. మొదటి పళ్ళెం తీస్తే అంచులు ఎర్రగా, నడుమ మెత్తగా ఉన్నాయి.

‘ఇంకా ఉడకలేదేమో బాబూ?’

‘మధ్యలో అలా ఉండాలండి. పళ్ళెం వేడికి అదే సర్దుకుంటుంది.’

‘ఆయ్.’

పైన ఇంగ్లండు ఉప్పు చిలకరించి అల్లుడుగారు ఫొటోలకి వెళ్ళారు. రెండో పళ్ళెం అత్తగారి ఏలుబడిలోకి వచ్చింది. ఆవిడ దాన్ని చేత్తో విరిస్తే ‘టక్’ మనేదాకా లోపలే ఉంచారు. ఇంట్లో అందరూ మొదటి పళ్ళెంలోవి ఒక్కొక్కటి తిని ‘బ్రహ్మాండం’ అన్నారు. అయిపోయింది మాత్రం రెండోది. మామగారు టీలో ముంచుకుని నాలుగు తిన్నారు. మెత్తటివి ఆ గాలిచెమ్మకి సాయంత్రానికే ఒకదాన్నొకటి పట్టుకుని ఊడిరానన్నాయి.

మంచం మీద అమ్మమ్మగారికి మెత్తటిదే ఇచ్చారు, పళ్ళు లేవు కనక. ఆవిడ బుగ్గన పెట్టుకుని చాలాసేపు చప్పరించారు. ఎనభై దాటిన మనిషికి అల్లుడి మర్యాద వర్తించదు.

‘బాగుంది నాయనా. ఉప్పొకటే కలవలేదు, పైనే ఉండిపోయింది. ఈసారి పిండిలోనే వేసి బాగా పిసుకు.’

అల్లుడుగారు నోరు తెరిచారు. పక్కనుంచి భార్య ఆయన మోచెయ్యి నొక్కింది. ‘అలాగేనండి’ అన్నారు. ఆ ఇంటి భాష ఆయనకి పట్టుబడుతోంది.

కనుమ సాయంత్రం ప్రభలు చూసొస్తూ పక్కింటావిడ గుమ్మంలో ఆగారు. వాళ్ళల్లుడు మూడు రోజులూ కోడిపందేల బరిలోనే ఉండి, చేతి గడియారం అక్కడే వదిలేసి వచ్చాడు. అత్తగారు స్టీలు డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టారు.

‘మీ అల్లుడుగారు చేశారటండీ? నిజంగా?’

‘ఆయ్, మరే! ఆ పాకం మమ్మల్ని ముట్టుకోనిస్తేనా! అంతా డిగ్రీల లెక్కేనండి’ అన్నారు అత్తగారు, రెండో పళ్ళెంలోవి ఏరి ఆవిడ చేతిలో పెడుతూ. ‘ఉగాదికి రమ్మన్నాం. బొబ్బట్లు కూడా తూకం వేసే చేస్తారట.’